మా చెల్లి డిశ్చార్జ్ పేపర్ మీద లేని అంకె: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి దామోదర రాజనర్సింహ గారికి నమస్కారం సర్,

నేను కూకట్‌పల్లిలో ఉంటాను, బ్యాంకులో పని చేస్తాను. డాక్టర్‌ని కాదు, ఏ పార్టీ మనిషినీ కాదు. పోయినేడాది ఒక శనివారం రాత్రి మా చెల్లి విషయంలో జరిగింది మీకు చెప్పాలని ఇది రాస్తున్నా. క్లినిక్ పేరు రాయట్లేదు, ఎందుకు రాయట్లేదో కింద చెప్తా.

మా చెల్లికి ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు తర్వాత పొట్ట తగ్గలేదు, జిమ్ అయింది, డైట్ అయింది, చివరికి ఇన్‌స్టాలో ఒక వీడియో చూసి లైపోసక్షన్, అంటే ఒంట్లో కొవ్వు పీల్చి తీసే సర్జరీ, చేయించుకుంటా అంది. పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు, అడ్మిషన్ అక్కర్లేదు, ఈఎంఐ ఉంది అన్నారు. అత్తగారింట్లో చెప్పలేదు, అక్క వాళ్ళింటికి వెళ్తున్నా అని చెప్పి నా దగ్గరికి వచ్చింది. కింద బట్టల షాపు, పైన రెండో అంతస్తులో క్లినిక్. లోపల అద్దాలు, సోఫాలు, మంచి వాసన, హాస్పిటల్ అన్న ఫీలింగే రాదు. రిసెప్షన్ వెనక ఫ్రేమ్ కట్టిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంది, గవర్నమెంట్ ముద్ర చూసి నేను కూడా ధైర్యంగానే కూర్చున్నా. దాని మీద క్లినిక్ అని మాత్రమే రాసుందని, అక్కడ ఆపరేషన్లు చేయొచ్చా లేదా అన్న ముక్క అందులో లేదని నాకు తర్వాత తట్టింది.

పదకొండింటికి లోపలికి తీసుకెళ్ళారు, ఐదింటికి ఇంటికి పంపేశారు. పంపేటప్పుడు లిఫ్ట్‌లో వీల్‌చెయిర్ పట్టలేదు, ఇద్దరు స్టాఫ్ చెరో పక్క పట్టుకుని మెట్ల మీద దించారు, చెల్లి ఇంకా మత్తులోనే ఉంది. అప్పుడు కూడా నాకు అనిపించలేదు సర్, ఈ లిఫ్ట్‌లో వీల్‌చెయిరే పట్టకపోతే స్ట్రెచర్ ఎట్లా పడుతుంది, పైన ఏదన్నా అయితే మనిషిని కిందికి ఎట్లా తెస్తారు అని.

రాత్రి పదిన్నరకి చెల్లి అక్కా, మూతి చుట్టూ తిమ్మిరిగా ఉంది అంది. తర్వాత నాలుక మీద ఇనుము నాకినట్టు ఉంది అంది, చెవుల్లో గుయ్ మంటోంది అంది, మాట ముద్దగా వస్తోంది. క్లినిక్ వాళ్ళిచ్చిన నంబర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు, వాట్సాప్‌లో మాత్రం నార్మలే మేడమ్, కొబ్బరినీళ్ళు తాగించండి అని మెసేజ్ వచ్చింది. మా ఆయన వినలేదు, కారు తీసి దగ్గర్లో ఐసీయూ ఉన్న హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. ఆయన ఆ రోజు క్యాంప్‌కి వెళ్ళుంటే నేను కొబ్బరినీళ్ళే పట్టించేదాన్నేమో, అది తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టర్ చిన్న కుర్రాడు, పాతికేళ్ళు దాటి ఉండవు. మూడే ప్రశ్నలు అడిగాడు. లిగ్నోకెయిన్ (ఆ చోట నొప్పి తెలీకుండా చేసే మందు) ఎంత ఇచ్చారు, కొవ్వు ఎన్ని లీటర్లు తీశారు, మత్తు ఎవరిచ్చారు? నేను డిశ్చార్జ్ పేపర్ ఇచ్చా. ఒక్కటే షీటు. ముందు చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు, మళ్ళీ ముందుకి తిప్పాడు. ప్యాకేజీ పేరు ఉంది, కట్టిన డబ్బు ఉంది, ఈఎంఐ నంబర్ ఉంది, నడుముకి వేసిన బెల్టు సైజు కూడా ఉంది. ఆయన అడిగిన మూడింటిలో ఒక్కటీ లేదు.

ఆ లిగ్నోకెయిన్ అంకె ఎందుకంత ముఖ్యమో ఆ రాత్రి ఆ డాక్టరే చెప్పాడు, మిగతాది నేను తర్వాత కూర్చుని చదువుకున్నా. ఇప్పుడు అందరూ చేసే లైపో పద్ధతిని కాలిఫోర్నియాలో జెఫ్రీ క్లైన్ అనే స్కిన్ డాక్టర్ 1987లో పేపర్ రాసి బయటపెట్టారు. సెలైన్‌లో లిగ్నోకెయిన్, అడ్రినలిన్ కలిపి కొవ్వు పొరలోకి లీటర్ల కొద్దీ ఎక్కిస్తారు, దాంతో రక్తం తక్కువ పోతుంది, ఫుల్ మత్తు అక్కర్లేదు, అందుకే ఈ సర్జరీ హాస్పిటల్ నుంచి క్లినిక్ గదిలోకి రాగలిగింది. కానీ ఆ లిగ్నోకెయిన్ కిలో బరువుకి 35, మహా అయితే 55 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. పైగా అది రక్తంలో పూర్తిగా పెరిగేది వెంటనే కాదు, పది పన్నెండు గంటల తర్వాత. అంటే సరిగ్గా పేషెంట్ ఇంట్లో పడుకుని ఉండే టైముకి, క్లినిక్ షట్టర్ దించేసిన టైముకి. మోతాదు ఎక్కువైతే ముందు మూతి తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, ఆ తర్వాత ఫిట్స్, ఆ తర్వాత గుండె.

దీనికి విరుగుడు ఉంది సర్. పాలలా తెల్లగా ఉండే డ్రిప్, ఇంట్రాలిపిడ్ అంటారు. ఆ రాత్రి అది చెల్లి మంచం పక్కనే తెచ్చి పెట్టుకున్నారు, దేవుడి దయవల్ల ఎక్కించే పని పడలేదు, తెల్లవార్లూ ఈసీజీ చూస్తూ కాపలా ఉన్నారు, పొద్దున ఆరింటికి అక్కా ఆకలేస్తోంది అంది. ఆ క్లినిక్‌లో ఆ బాటిల్ ఉందో లేదో నేను చూడలేదు, చూడాలని కూడా నాకు తెలీదు.

మా చెల్లి బతికింది. 2022 మేలో బెంగళూరులో కన్నడ సీరియల్ నటి చేతనా రాజ్ బతకలేదు, 21 ఏళ్ళు, అదీ కొవ్వు తీసే సర్జరీయే, పరిస్థితి చెయ్యి దాటాక వేరే హాస్పిటల్‌కి మోసుకెళ్ళారు. మన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో న్యూజెర్సీలో పోయినప్పుడు కూడా లైపో అయ్యి కొన్ని వారాలే అని పేపర్లో చదివి అయ్యో అనుకున్నాం. ప్రతిసారీ జనం అనేది ఒక్కటే, అందం పిచ్చి, ఎవరు చేయించుకోమన్నారు అని. ఈ మాట వల్లే ఆడపిల్లలు ఇంట్లో చెప్పకుండా ఒంటరిగా వెళ్తున్నారు, వెంట మనిషి ఉండరు, రాత్రి ఏదన్నా అయితే అత్తగారిని లేపడానికి భయం. ప్రాణాల మీదికొచ్చాక కూడా కంప్లైంట్ ఇవ్వరు. మా చెల్లి నా చేతులు పట్టుకుని అక్కా, మా ఇంట్లో తెలిస్తే నా పరువు పోతుంది అని ఏడ్చింది, అందుకే నేను కంప్లైంట్ ఇవ్వలేదు, అందుకే ఇక్కడ పేరు రాయలేదు. మీ దగ్గర ఫైళ్ళలో కేసులు తక్కువ కనిపిస్తే అన్నీ బాగున్నాయని మాత్రం అనుకోకండి సర్.

క్లినిక్‌లు మూసేయమని నేను అడగట్లేదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే పెద్ద డిగ్రీ చదివి, సొంత సెంటర్‌లో పూర్తి ఆపరేషన్ థియేటర్ పెట్టుకుని, అనస్థీషియా డాక్టర్ని చివరిదాకా పక్కన ఉంచుకుని చేసేవాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు, నష్టపోయేది వాళ్ళు కూడా. యూట్యూబ్‌లో, వర్క్‌షాపుల్లో చూసి నేర్చుకోవడం ఈ ప్రొసీజర్లకి ట్రైనింగ్ కిందికి రాదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ గైడ్‌లైన్స్‌లో రాసింది, అంత మాట రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎట్లా ఉందో మీకే తెలుసు.

నేను అడిగేది, బోర్డు మీద ఏం రాశారని కాకుండా లోపల మత్తు ఎంత ఇస్తున్నారన్న దాన్ని బట్టి రిజిస్ట్రేషన్ ఇవ్వండి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం అదే చేసింది, క్లినిక్‌లో 1,000 మిల్లీలీటర్లు దాటి కొవ్వు తీయాలన్నా, మనిషికి గట్టి మత్తు ఇవ్వాలన్నా ఆ చోటు ప్రభుత్వం దగ్గర విడిగా రిజిస్టర్ అవ్వాలి, పేషెంట్‌ని హాస్పిటల్‌కి తరలించాల్సి వస్తే 15 రోజుల్లో రాసి పంపాలి. మన డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసులు కూడా ఒక్కసారి వెళ్ళి లిఫ్ట్‌లో స్ట్రెచర్ పడుతుందా, ఆక్సిజన్, గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్, ఆ తెల్ల బాటిల్ ఉన్నాయా, ఐసీయూ ఉన్న ఏ హాస్పిటల్‌తో రాతపూర్వకంగా ఒప్పందం ఉంది అని చూసి, పాసైన వాటి లిస్టు వెబ్‌సైట్‌లో పెట్టాలి. మత్తు ఇచ్చే డాక్టర్ పేరు, మెడికల్ కౌన్సిల్ నంబర్ కన్సెంట్ ఫారం మీదే ఉండాలి. రాత్రిపూట ఫోన్ ఎత్తేది సేల్స్ అమ్మాయి కాకుండా డాక్టర్ అయ్యుండాలి.

ఇవన్నీ టైము పడతాయంటే ఒక్కటి మాత్రం ముందు చేయండి. డిశ్చార్జ్ పేపర్ మీద పేషెంట్ బరువు ఎంత, లిగ్నోకెయిన్ ఎన్ని మిల్లీగ్రాములు, తీసిన కొవ్వు ఎంత అన్నవి రాయాల్సిందే అని ఒక సర్క్యులర్ ఇవ్వండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, మూడు గళ్ళు ప్రింట్ చేయిస్తే చాలు. అర్ధరాత్రి క్యాజువాల్టీలో ఉండే ఆ కుర్ర డాక్టర్లు ఖాళీ కాగితం తిప్పి తిప్పి చూడకుండా ఉంటారు.

చెల్లి పేరు కొట్టేసి ఆ పేపర్ జిరాక్స్ నా దగ్గర పెట్టుకున్నా. మీ ఆఫీసుకి తెమ్మంటే తెస్తా సర్, రెండో శనివారం, నాలుగో శనివారం మాకు సెలవే.

ఇట్లు,
ఒక అక్క, కూకట్‌పల్లి