సోమవారం నీ మొదటి షిఫ్ట్

తెనాలి,
శనివారం రాత్రి

బంగారు తల్లికి,

నిన్న ఫోన్‌లో నాన్న అన్న మాట మనసులో పెట్టుకోకు. "మాస్టర్స్ చదవమని మెల్‌బోర్న్ పంపిస్తే ఎవరికో స్నానాలు చేయించడానికి వెళ్తుందా" అన్నారు గానీ, అది కోపం కాదు, దిగులు. నాకు మాత్రం నువ్వు వైకల్యం ఉన్నవాళ్ళకు రోజువారీ పనుల్లో సాయపడే సపోర్ట్ వర్కర్‌గా చేరుతున్నానని చెప్పగానే గుండె నిండిపోయింది. ఫోన్‌లో చెప్పబోతే గొంతు పూడుకుపోతోంది. అందుకే రాస్తున్నాను.

మావయ్యకు అన్నం పెట్టడం, బట్టలు మార్చడం చూస్తూనే పెరిగావు. కానీ నేను చేసిన పొరపాట్లు నీకు తెలియవు.

మావయ్యకు పద్నాలుగేళ్ళప్పుడు నేను కాలేజీకి వెళ్ళేదాన్ని. బస్సు టైమవుతోందని వాడి తల వెనక్కి వాల్చి, గ్లాసు పైకెత్తి నోట్లో నీళ్ళు పోసేదాన్ని. ఎంగిలి కాకుండా ఎత్తి తాగడం మన ఇళ్ళలో అలవాటే కదా. రోజూ పొలమారేది. నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్రా" అనేదాన్ని. వాడూ నవ్వేవాడు. ఆ చలికాలం న్యుమోనియా వచ్చి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడ ఒకావిడ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. మావయ్యలా సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి, ఉన్నవాళ్ళలో మింగే కండరాలు ఒక్కోసారి సమయానికి కదలవట. తల వెనక్కి వాల్చి పోస్తే నీళ్ళు గాలిగొట్టంలోకి, అక్కణ్ణించి ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఎక్కువట. రోజూ పొలమారుతోందని నేను ఒక్కసారైనా ఎవరికైనా చెప్పి ఉంటే ముందే తెలిసేది.

అప్పటి నుంచి వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి, నేనూ ఎదురుగా వాడి కళ్ళ ఎత్తులో కూర్చుంటాను. చెంచాలో సగమే పెరుగన్నం. గొంతు దగ్గర ముడి పైకి కదిలి కిందికి దిగేదాకా చూసి, అప్పుడు రెండో చెంచా. తిన్నాక అరగంట పడుకోనివ్వను. మీ దగ్గర ఇవన్నీ మీల్‌టైమ్ ప్లాన్‌లో, అంటే ఎవరికి ఎలా తినిపించాలో రాసిన కాగితంలో, ఉంటాయన్నావు, నీళ్ళు చిక్కబరిచే పొడి ఎంత కలపాలో కూడా. వెళ్ళగానే ముందు అది చదువు. నువ్వు చూసుకోబోయే పెద్దావిడ గురించి పాతవాళ్ళెవరైనా "ఆవిడకేం కాదులే" అన్నా సరే, అందులో ఉన్నట్టే చెయ్యి. మందు ఒకటి తప్పినా, చెయ్యి జారినా భయపడి దాచకు. వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పి, షిఫ్ట్ నోట్స్‌లో ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇంకోటి. నువ్వు మూడో క్లాసులో ఉన్నప్పుడు మావయ్యను వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు తీసుకెళ్ళాను. డాక్టరు వాడి వైపు చూడకుండా "ఇతని పేరేంటమ్మా" అని నన్నడిగాడు. వెనక పెద్ద లైనుంది. పేరు, వయసు, చదువు అన్నీ గబగబా నేనే చెప్పేశాను. బస్సులో వాడు మాట్లాడలేదు. రాత్రి అన్నం వద్దన్నాడు. ఎంతసేపటికో, ఒక్కో అక్షరం కూడదీసుకుని, "నా పేరు నాకు వచ్చక్కా" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. టెన్షన్ పెడితే వాడి కండరాలు ఇంకా బిగుసుకుపోయి, వచ్చే మాట కూడా రాదు. మనం ఊరికే కూర్చుంటే వస్తుంది. ఒక్కోసారి రెండు నిమిషాలు పడుతుంది, అంతే.

నువ్వు పంపిన ట్రైనింగ్ కాగితాలు చదివాను. ఎన్‌డీఐఎస్, అంటే వైకల్యం ఉన్నవాళ్ళకు సాయం అందించే మీ ఆస్ట్రేలియా పథకం, దాని ప్రవర్తనా నియమావళిలో మొదటిదే, తమ అభిప్రాయం చెప్పుకునే, తమ నిర్ణయాలు తామే తీసుకునే హక్కును గౌరవించాలని ఉంది. మావయ్యకు వినిపిస్తే మళ్ళీ చదవమన్నాడు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా గౌరవంగా బతికే హక్కు ఇచ్చింది, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కానీ ఇంటికొచ్చి సాయం చేసే మనిషిని ఏర్పాటు చేసే పద్ధతి అక్కడిలా మనకు లేదు. ఇక్కడ ఆ పని అమ్మలదీ అక్కలదీ.

వయసులో అంత పెద్దావిడను పేరుపెట్టి పిలవడానికి నోరు రావట్లేదన్నావు. ఎలా పిలిస్తే ఇష్టమో ఆవిడనే అడుగు. స్నానం దగ్గరా అంతే. నీకు బెరుగ్గా ఉంటే ఆవిడకు ఇంకెంత ఉంటుందో! కొత్త మనిషి ముందు బట్టలు తీయాలి కదా. నీళ్ళ వేడి నీ మణికట్టు మీద చూసుకో. ఒంటి మీద తువ్వాలు కప్పి ఉంచు, ఎక్కడ కడుగుతుంటే అక్కడి వరకే తియ్యి. చెయ్యి వేసేముందు ప్రతిసారీ చెప్పి వెయ్యి. ముఖం ఆవిడ తుడుచుకోగలిగితే ఆవిడనే తుడుచుకోనివ్వు, నీ చెయ్యి ఎంత లాగుతున్నా సరే.

ఆవిడ పేరు, ఇంటి సంగతులు నాకు చెప్పకు, ఫోటోలు అసలే వద్దు. స్టూడెంట్ వీసా మీద పని రెండు వారాలకు 48 గంటలు దాటకుండా చూసుకో, చదువు పాడుచేసుకోకు.

చివరగా నాకో సాయం చెయ్యాలి. ఇన్నేళ్ళూ మావయ్యను మంచం మీంచి చక్రాల కుర్చీలోకి ఒక్కదాన్నే ఎత్తాను. మొన్న ఉగాది నాడు ఎత్తుతుంటే నడుం పట్టేసి ఇద్దరం కింద పడబోయాం. నీకు చెప్పలేదు. మీ దగ్గర ఒంటిచేత్తో ఎవరూ ఎత్తరని, మనిషిని ఎత్తే యంత్రం, హాయిస్ట్ వాడతారని చెప్పావు కదా. మీ ట్రైనింగ్ గదిలో ఉన్నదాని కంపెనీ పేరు, మనిషిని అందులో మోసే బట్ట, ఆ స్లింగ్ సైజు ఎలా చూసుకోవాలో కనుక్కుని రాయి. ఇక్కడ దొరుకుతుందేమో నాన్న విజయవాడ వెళ్ళి అడుగుతానంటున్నారు. మావయ్య బరువు 58 కిలోలు.

ప్రేమతో,
అమ్మ