మా డాక్టరు గారి క్లినిక్ మళ్లీ తెరుచుకోవాలంటే: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

రేపల్లె ప్రాంతంలోని ఒక చిన్న ఊరి నుంచి రాస్తున్నాను. గత ఏడాది మా డాక్టరు గారు కాలం చేశారు. పేరు పేపర్లో పడటం ఆయనకు బతికుండగానే గిట్టేది కాదు, ఇంట్లోవాళ్లు కూడా వద్దన్నారు, అందుకే ఆయన పేరూ ఊరి పేరూ రాయడం లేదు. ఆయన పోయాక ఆ క్లినిక్ తెరిచి కూర్చునే డాక్టరు మాకు దొరకలేదు. ఎందుకు దొరకలేదో, దొరకాలంటే మీ శాఖ ఏం చేయాలో చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

గుంటూరు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ పూర్తిచేసి 1970ల మొదట్లో ఆయన మా ఊరొచ్చారు. తోటివాళ్లు కొందరు పై చదువులకు, కొందరు విదేశాలకు వెళ్లారు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు, కృష్ణ మీద అక్కడ ఇంకా వంతెన లేని రోజుల్లో, పెనుమూడి రేవు దాటి అవనిగడ్డ వైపు వెళ్లి కలరా సూదులు వేసిన కుర్ర డాక్టర్లలో ఆయనొకరు. ఆ రోజుల గురించి ఎవరైనా అడిగితే మాట మార్చేసేవారు.

క్లినిక్ అంటే రెండు గదులు. ముందు గదిలో చెక్క బల్లలు, లోపల ఆయన మేజా, పక్కన స్టవ్ మీద గాజు సిరంజీలు మరిగే గిన్నె. కాంపౌండరు మిక్చరు కలిపి సీసాలో పోసి, డోసులు తెలియడానికి గాట్లు కత్తిరించిన కాగితం ముక్కను సీసా పక్కన అంటించేవాడు. డాక్టరు గారు ముందు కంటి కింది రెప్ప లాగి చూసేవారు. తర్వాత నాలుక. తర్వాత పొట్ట మీద చెయ్యి. ఆ తర్వాతే ప్రశ్నలు: అన్నం సయిస్తోందా, నిద్ర పడుతోందా, కోడలు పుట్టింటి నుంచి వచ్చిందా. ఆ చివరి ప్రశ్న కూడా వైద్యంలో భాగమేనని మాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. నీరసంగా ఉంది, సెలైన్ ఎక్కించండి అని పట్టుబట్టే వాళ్లకు ఓపిగ్గా చెప్పేవారు: "అరలీటరు సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పమ్మా. ఇంటికెళ్లి ఉప్పేసుకుని మజ్జిగ తాగు." సెలైన్ పెడితే ఆయనకు డబ్బు వచ్చేది. పెట్టకపోవడం వల్ల కొందరు అలిగి వేరే చోటికి వెళ్లారు కూడా. అయినా పెట్టలేదు.

అన్నిటికంటే ముఖ్యం ఆయన కార్డులు. మనిషికి కాదు, ఇంటికొక కార్డు. ఇంటిపేర్ల వరసలో అట్టపెట్టెల్లో సర్దుకునేవారు. ఒకసారి మా వీధిలో నలభై దాటిన ఒకావిడ, గుండెల్లో మంటగా ఉంది, గ్యాస్ బిళ్ల ఇవ్వమని వెళ్లింది. తోడు వెళ్లింది నేనే. ఆయన ఇంటిపేరు అడిగి, పుట్టింటి వాళ్ల కార్డు కూడా తీశారు. ఎప్పుడో ఆయన చేత్తో రాసుకున్న ముక్క అందులో ఉంది: "తండ్రి, 46, పొలంలో ఛాతీ నొప్పి, ఇంటికి తెచ్చేలోపు." వాక్యం అక్కడే ఆపేశారు. అది చదివి ఆవిడకు ఆస్పిరిన్ బిళ్ల నమలమని ఇచ్చి, ఎదురింటి వాళ్ల కారు పిలిపించి, గుంటూరుకు చీటీ రాసి పంపించారు. అప్పటికింకా 108 బండ్లు లేవు. ఆవిడ ఇప్పుడు మనవరాళ్లను ఆడిస్తోంది. ఆ పూట ఆమెను కాపాడింది యంత్రం కాదు, ఆ ఇంటిని రెండు తరాలుగా ఎరిగిన మనిషి.

ఇలాంటి వాళ్లు మన నేలకు కొత్త కాదు. వెనకటి తరంలో ఎంబీబీఎస్ కంటే చిన్నదైన ఎల్ఎంపీ కోర్సు చదివిన డాక్టర్లు చిన్న ఊళ్లను పట్టుకుని ఉన్నారు. నెల్లూరులో కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారి తమ్ముడు, డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి గారు, ప్రజావైద్యశాల నడుపుతూ పల్లెల్లో పనిచేసేవాళ్లకు ప్రాథమిక వైద్యం నేర్పి పంపారు. సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రం రాకుండా బీల అనే చిత్తడి భూముల కోసం జరిగిన పోరాటానికి ముందు నిలిచింది కూడా ఆ ఊళ్లో ప్రాక్టీసు చేసే ఒక డాక్టరే. రోగులను ఎరిగిన వాడు వాళ్లు తాగే నీటినీ పీల్చే గాలినీ పట్టించుకోకుండా ఎలా ఉంటాడు?

ఇక ఇప్పటి సంగతి. జ్వరమొస్తే ఆర్ఎంపీ దగ్గరికి, అది తగ్గకపోతే తిన్నగా గుంటూరుకో విజయవాడకో పరుగు. మధ్యలో ఎవరూ లేరు. మోకాళ్లకొకరు, షుగరుకొకరు, గుండెకొకరు. ముగ్గురూ రాసిన బిళ్లలు ఒకే కవరులో కలిసి, ఏది ఎందుకో తెలియక మింగుతున్న ముసలివాళ్లు మా ఊళ్లో ఎంతోమంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) బీపీ, షుగరు బిళ్లలు ఉచితంగా ఇస్తున్నారు, అక్కడి సిబ్బంది కష్టాన్ని తక్కువ చేయను. కానీ అక్కడ చేరిన కుర్ర డాక్టరుకు పీజీ సీటు మీదే ధ్యాస. అది అతని తప్పు కాదు. ఎంబీబీఎస్‌తో ఆగిపోతే "ఉత్త ఎంబీబీఎస్" అని పెళ్లిచూపుల్లోనే తీసిపారేస్తున్నాం. పీజీ చేశాక మళ్లీ ఆ పీహెచ్‌సీకి రావడానికి దారి లేదు, ఎందుకంటే ఆ చదువుకు అక్కడ పని లేదు.

ఆ పనికి సరిపడే చదువు మాత్రం ఉంది. అది ఫ్యామిలీ మెడిసిన్, అంటే ఇంటిల్లిపాదికీ మామూలు జబ్బులన్నిటికీ వైద్యం చేయడం నేర్పే పీజీ చదువు. 1946లోనే, దేశ ఆరోగ్య వ్యవస్థ మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ, సమాజంలో కలిసి పనిచేసే ప్రాథమిక డాక్టరే మన ఆరోగ్య వ్యవస్థకు పునాది అంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం ఎండీ ఫ్యామిలీ మెడిసిన్‌ను విస్తరించాలని స్పష్టంగా చెప్పింది. కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆ కోర్సు పెట్టింది. కేరళ 2017లో ఆర్ద్రం మిషన్ కింద పీహెచ్‌సీలను కుటుంబ ఆరోగ్య కేంద్రాలుగా మార్చడం మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో కూడా 2023లో ఫ్యామిలీ డాక్టర్ పేరుతో పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు బండిలో ఊరికి వచ్చే ఏర్పాటు జరిగింది. ఆలోచన మంచిదే, మంచం పట్టిన వాళ్లకు మేలు కూడా జరిగింది. కానీ ఈ ఏడాది వచ్చిన డాక్టరు వచ్చే ఏడాది ఉండకపోతే ఆ పేరుకు అర్థం ఉండదు. బండి వచ్చినంత మాత్రాన చాలదు, అదే మనిషి మళ్లీ మళ్లీ రావాలి.

కాబట్టి అయ్యా, ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాలలోనూ ఫ్యామిలీ మెడిసిన్ విభాగం పెట్టించండి. ఉద్యోగంలో ఉన్న పీహెచ్‌సీ డాక్టర్లకు పీజీలో ఉన్న ఇన్‌సర్వీస్ కోటాలో ఆ సీట్లు కలపండి. చదువు పూర్తయ్యాక అదే ప్రాంతానికి, మిగతా స్పెషలిస్టులతో సమానమైన జీతంతో తిరిగి రానివ్వండి. తనకిష్టమై పదేళ్లు ఒకేచోట ఉంటానన్న డాక్టరును బదిలీ చేయకండి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి మన డబ్బంతా ఆపరేషన్ బల్ల చుట్టూనే తిరుగుతోంది. బీపీని ఇరవై ఏళ్లు అదుపులో పెట్టి ఆ బల్ల దాకా పోనివ్వని డాక్టరుకు ఆ పథకంలో చోటే లేదు. ఓపీ వైద్యానికి, కుటుంబానికి ఏడాదికింత అని చెల్లించే పద్ధతిని రెండు మూడు మండలాల్లోనైనా చేసి చూడండి. ఒంటరిగా క్లినిక్ నడిపే డాక్టరును రిజిస్ట్రేషన్ల విషయంలో వంద పడకల ఆసుపత్రితో ఒకే గాటన కట్టకండి. మా డాక్టరు గారు చివరి ఏళ్లలో రోగులకంటే కాగితాలతోనే ఎక్కువ అలసిపోయారు.

చివరిగా ఒక అత్యవసర మనవి. ఆయన కార్డుల పెట్టెలు ఇంకా ఆ ఇంటి అటక మీదే ఉన్నాయి. దాదాపు యాభై ఏళ్ల రికార్డు: ఏ ఇంట్లో క్షయ వచ్చింది, ఏ బిడ్డకు టీకా పడలేదు, ఏ వాడలో షుగరు ఎప్పుడు మొదలైంది, అన్నీ ఆయన చేతిరాతలో. ఇప్పుడు మీరిస్తున్న పద్నాలుగు అంకెల ఆభా నంబరు, అంటే ఆరోగ్య ఖాతా నంబరు, మనిషిని గుర్తుపడుతుంది, ఇంటిని గుర్తుపట్టదు. ఆ పని చేసిన కార్డులివి. మొన్నామధ్య ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు హెల్త్ క్యాంపు కోసమని వాటిని అడిగారట. డాక్టరు గారి భార్య ఇవ్వలేదు. "ఊరి గుట్టు అది, అమ్ముకునేది కాదు" అని పంపించేశారు. ప్రభుత్వ వైద్య కళాశాల కమ్యూనిటీ మెడిసిన్ విభాగం అడిగితే, పేర్లు బయటికి రాకుండా చూస్తామని రాసిస్తే, ఇవ్వడానికి ఆవిడ సిద్ధంగా ఉన్నారు. ఒక పక్క చెదలు పట్టడం మొదలైంది. వానలు పడేలోపు మీ శాఖ నుంచి ఎవరినైనా పంపించండి. తాళం నా దగ్గరుంది, దగ్గరుండి అప్పగిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
బాపట్ల జిల్లా