ఏ చిల్లర్ కొనాలని అడిగిన శీనుగాడికి

ఒరేయ్ శీనూ,

ఇంట్లో కాచే బీరుని ఈస్ట్ వేసేముందు తొందరగా చల్లార్చే గొట్టపు చుట్ట, అదే చిల్లర్, దానివి నాలుగు లింకులు పంపి "వీటిలో ఏది కొనమంటావ్, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కతో సరిపెట్టడం నా వల్ల కాదని తెలిసే ఫోన్ చెయ్యకుండా తప్పించుకున్నావని నాకు అర్థమైందిలే. సరే, ముందు ఆ ముక్క: 25 అడుగుల రాగి కాయిల్, 3/8 అంగుళం గొట్టం. నువ్వు కన్నేసిన ఆ 50 అడుగుల తళతళలాడే స్టీలుది నీకు శుద్ధ దండగ. ఎందుకో తీరిగ్గా చదువుకో, ఆదివారమేగా.

ఇన్నాళ్ళూ నువ్వు రెండున్నర గ్యాలన్లు మరిగించి, మిగతా సగం ఫ్రిజ్ నీళ్ళు కలిపేవాడివి. దానికి చిల్లరే అక్కర్లేదు. సింకులో ఐసు పోసి గిన్నె కూర్చోబెడితే పని అయిపోయేది. ఇప్పుడు బీరు కాచే పెద్ద ఎలక్ట్రిక్ గిన్నె, అదే కెటిల్, కొన్నావు, ఐదు గ్యాలన్లూ మరిగిస్తానంటున్నావు. అంటే 19 లీటర్ల వర్ట్‌ని (మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, తీపి దిగిన నీళ్ళు; ఈస్ట్ వేస్తే బీరయ్యేది ఇదే) 100 డిగ్రీల సెల్సియస్ నుంచి 20కి దించాలి. లెక్కేస్తే ఇంచుమించు 6,300 కిలోజౌళ్ళ వేడి. ఆ వేడినంతా ఐసే కరిగి లాగెయ్యాలంటే దాదాపు 19 కిలోలు కరగాలి. మూలనున్న గ్యాస్ స్టేషన్లో సంచులకు సంచులు మోసుకొస్తావా ప్రతిసారీ?

తొందరగా చల్లార్చాలని అందరూ ఎందుకంత టెన్షన్ పడతారంటే మూడు కారణాలు. ఒకటి, మంట ఆపాక చివర్లో వాసన కోసం వేసిన హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు) వేడిలో ఇంకా నానుతూ చేదు దింపుతూనే ఉంటాయి. రెండు, పిల్స్‌నర్ మాల్ట్ (లేతరంగుది) వాడితే వేడికి డీఎంఎస్ అనే గంధకపు పదార్థం పుడుతుంది. మరుగుతున్నంతసేపూ ఆవిరితో పోతుంది కానీ, మంట ఆపి మూత పెట్టేశావంటే పోయే దారి లేక బీరు ఉడకబెట్టిన మొక్కజొన్న కంకి వాసన కొడుతుంది. మూడు, గోరువెచ్చటి తియ్యటి నీళ్ళంటే గాలిలో తిరిగే ప్రతి సూక్ష్మజీవికీ పెళ్ళిభోజనమే, నీ ఈస్ట్ కంటే ముందు అవి బంతిలో కూర్చుంటాయి. అయితే మరీ భయపడకు. ఆస్ట్రేలియాలో చాలామంది నీళ్ళు దండగని అసలు చల్లార్చరు. మరుగుతున్నది మరుగుతున్నట్టే గట్టి ప్లాస్టిక్ క్యాన్‌లోకి పట్టి, బిగించి, మర్నాడు ఈస్ట్ వేస్తారు. వాళ్ళ బీరూ బాగానే ఉంటుంది. మన ఊళ్ళో తాటికల్లుకి ఏ చిల్లర్ పెట్టారు చెప్పు? అసలు మరిగిస్తేగా!

ఇక అసలు సంగతి. చిల్లర్ చేసే పనల్లా, కుళాయి నీళ్ళని గొట్టంలోంచి పంపి వర్ట్ వేడిని బయటికి తీసుకుపోవడం. ఎంత తేడా ఉంటే అంత వేగం. నా సంగతే తీసుకో. ఈ డాలస్‌లో జులై వస్తే కుళాయి నీళ్ళే 85 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటాయి. మరిగే వర్ట్ 212. మొదట్లో తేడా 127 డిగ్రీలు కాబట్టి జర్రున దిగుతుంది. వర్ట్ 95కి వచ్చేసరికి తేడా పదే, అంటే వేగం పన్నెండో వంతుకి పడిపోయినట్టు. ఆ తర్వాత నీళ్ళు గంట పారినా మురుగుకాలవ బాగుపడుతుందే తప్ప వర్ట్ దిగదు. ఎంత పొడుగు కాయిల్ కొన్నా కుళాయి నీళ్ళ కంటే చల్లగా ఎవడూ చెయ్యలేడు. ఇక్కడివాళ్ళు 50 అడుగులది కొనేది ఆ బాధతో. నీకా బాధ లేదు కదరా! మీ మినియాపొలిస్ నీళ్ళు మిసిసిపీ నదివి. చలికాలంలో 40కి అటూ ఇటూ వస్తాయి. ఆ నీళ్ళతో 25 అడుగుల కాయిల్ ఇరవై నిమిషాల్లోపే 65కి దించేస్తుంది, కాస్త కదుపుతూ ఉంటే.

నదినీళ్ళు కాబట్టి ఆగస్టులో నీక్కూడా కుళాయి వెచ్చబడుతుంది, అది గుర్తుంచుకో. దానికో చిట్కా ఉంది. వర్ట్ 100 ఫారెన్‌హీట్ దాకా మామూలు కుళాయి నీళ్ళతో దించి, అప్పుడు బకెట్లో ఐసునీళ్ళు పెట్టి చిన్న ఫౌంటెన్ పంపుతో ఆ నీళ్ళనే కాయిల్‌లో తిప్పాలి. ముందే ఐసు వాడేశావంటే వేడివేడి కాయిల్ దెబ్బకి క్షణంలో కరిగిపోయి, అవసరమైనప్పుడు చేతులు ఖాళీ. నేనైతే జులై, ఆగస్టుల్లో ఈ గొడవే పెట్టుకోను. 95 దగ్గర ఆపేసి నార్వే వాళ్ళ క్వైక్ ఈస్ట్ వేస్తాను. వాస్ అనే రకం ఆ వేడిలోనే హాయిగా పనిచేస్తుంది, పైగా నారింజ తొక్క వాసన. ఎండల్ని తిట్టుకోవడం మానేశాను.

రాగి మంచిదా స్టీలు మంచిదా అన్నావు. రాగి వేడిని స్టీలు కంటే ఇరవై రెట్లకు పైగా బాగా పంపుతుంది. అలాగని చిల్లర్ ఇరవై రెట్లు వేగంగా పనిచెయ్యదు. గొట్టం గోడ పల్చనిది, అసలు అడ్డు దాని రెండువైపులా కదలకుండా అతుక్కుని ఉండే నీళ్ళ పొర. కాబట్టి తేడా ఉంటుంది గానీ కొంపలు మునిగేంత కాదు. స్టీలు కడగడం సులువు, వంగదు, పులుపుకి చలించదు. అయినా నేను రాగివాణ్ణే. వంకరపోతే చేత్తో సరిచేసుకోవచ్చు, కొసలు కావలసినట్టు తిప్పుకోవచ్చు. వర్ట్‌లోకి దిగే కాస్త రాగి ఈస్ట్‌కి బలం, గంధకపు కంపుని కూడా పట్టేసుకుంటుంది. నీ కెటిల్‌తో పాటు స్టీలు కాయిల్ ఏదైనా వచ్చిందేమో ముందు అట్టపెట్టె అడుగున వెతుకు. కొన్ని సెట్లకి ఇస్తారు. వస్తే ఈ ఉత్తరంలో కొనడం గురించి ఉన్నదంతా వదిలెయ్, వాడకం గురించి ఉన్నది మాత్రం వదలకు.

నువ్వే చేసుకుందామన్నా కష్టమేం కాదు. రిఫ్రిజరేషన్ పనికి వాడే మెత్తటి రాగి గొట్టం చుట్టలుగా దొరుకుతుంది. దాన్ని బయటి వ్యాసంతో కొలుస్తారు, ప్లంబింగ్ గొట్టాన్ని అలా కొలవరు. రెండూ 3/8 అని రాసి ఉన్నా సైజులు వేరు, ఫిట్టింగు దగ్గర తెలుస్తుంది తమాషా. లోపల ఉప్పు దట్టించి కొసలు మూసి ఓ గుండ్రటి డబ్బా చుట్టూ చుడితే నొక్కుకుపోదు, తర్వాత నీళ్ళు పెట్టి ఉప్పు కడిగెయ్యడమే. కానీ రాగి ధర చూశాక రెడీమేడ్ కొనడమే మేలనిపిస్తుంది. సెకండ్‌హాండ్‌వి కూడా చూడు, ఈ పిచ్చి వదిలినవాళ్ళు మొదట అమ్మేసేది చిల్లరే.

కొనేముందు టేపు పట్టుకుని కెటిల్ లోపలి వెడల్పు కొలువు. కాయిల్‌కీ గోడకీ మధ్య నాలుగువేళ్ళ చోటుండాలి, లేకపోతే కదపడానికి వీలుండదు. ఎత్తు కూడా చూసుకో. ఎప్పుడైనా రెండున్నర గ్యాలన్లే చేశావంటే పొడుగాటి కాయిల్ సగం పైన గాల్లోనే ఉంటుంది, ఆ సగం ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

నన్నడిగితే ఎక్కువ బుర్ర పెట్టాల్సింది కాయిల్ గురించి కాదు, దాన్ని కుళాయికి ఎలా తగిలిస్తావన్న దాని గురించి. పెరట్లో కుళాయి చలికాలం కట్టేసి, పైపులో నీళ్ళు వదిలేసి ఉంటావు, లేకపోతే పగిలిపోతుందిగా. వంటింట్లో నీది లాగితే బయటికొచ్చే స్ప్రే కుళాయి. దానికి అడాప్టర్లు సాధారణంగా పట్టవు. మిగిలింది కింద బేస్‌మెంట్‌లో లాండ్రీ సింకు. ఆ కుళాయిలకి చాలావాటికి మొన దగ్గర తోటపైపు మరే ఉంటుంది, ముప్పావు అంగుళంది. అది లేకపోయినా వాషింగ్ మెషీన్ చన్నీళ్ళ వాల్వుకి అదే మర. కాబట్టి బ్రూ, అదే బీరు కాచే పని, అక్కడే పెట్టుకో. ఆవిరి బయటికి పోయేలా కిటికీ తెరిచి ఫ్యాను పెట్టు, లేదంటే సీలింగు చెమర్చి బూజు పడుతుంది. అన్నట్టు, గ్యారేజీ తలుపు మూసి ప్రొపేన్ బర్నర్ వెలిగిస్తానని ఒకసారి అన్నావు చూడు, ఆ మాట ఇంకోసారి ఎత్తకు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం పోయేదాకా తెలీదు.

గొట్టం కొసలు రెండూ కెటిల్ అంచు దాటి బయటికొచ్చి కిందికి వంగి ఉండాలి. క్లాంపు బిగించే జాయింటు కెటిల్ బయటే ఉండాలి. అది కాస్త కారినా చుక్కచుక్కగా నేల మీద పడాలి తప్ప చల్లారుతున్న వర్ట్‌లో పడకూడదు. మన కష్టమంతా మరిగించి శుభ్రం చేసిందిరా, అందులో కుళాయి నీళ్ళు పడితే ఏం లాభం? బ్రూకి ముందురోజే ఖాళీ సింకులో పెట్టి కుళాయి పూర్తిగా తిప్పి చూడు. నీళ్ళు బయటికి పోయేవైపు మామూలు వినైల్ పైపు పెట్టకు, మొదట్లో వచ్చే నీళ్ళు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి, ఆ వేడికి అది మెత్తబడి జారిపోతుంది. సిలికాన్ పైపు పెట్టి, కొసని సింకుకి కట్టెయ్.

మరగడం ఆగడానికి పదిహేను నిమిషాల ముందు కాయిల్‌ని లోపల దించు, ఆ మరుగులోనే శుభ్రమవుతుంది. పైపులు ముందే తగిలించి ఉంచు, బయటికి పోయే కొస సింకులోనే ఉండాలి. ఎందుకంటే గొట్టంలో పాత నీళ్ళు కాస్త మిగిలి ఉంటే అవి లోపలే మరిగి, తెరిచిన కొసలోంచి బుస్సుమని చిమ్ముతాయి. మొహం అక్కడ పెట్టి ఫోటోలు తియ్యకు. దించగానే మరుగు రెండు నిమిషాలు ఆగుతుంది, కంగారుపడకు, మళ్ళీ అందుకుంటుంది.

పవర్ ఆపి, కుళాయి మెల్లగా తిప్పి, నీళ్ళు పారడం మొదలయ్యాక ఒక పని చేసి చూడు. బయటికి పోయే పైపుని చేత్తో పట్టుకో. మొదట వేడిగా ఉంటుంది, కాసేపటికి గోరువెచ్చగా అవుతుంది. ఆహా, చల్లారిపోయిందనుకుంటావు. ఇప్పుడు కాయిల్‌ని పైన పట్టుకుని నెమ్మదిగా గుండ్రంగా కదుపు. నాలుగైదు సెకన్లలో నీ చేతిలోని పైపు మళ్ళీ వేడెక్కుతుంది. కాయిల్‌ని ఆనుకున్న పొర ఒక్కటే చల్లబడి, వేడంతా దూరంగా కూర్చుని ఉందన్నమాట. కదపకుండా కాయిల్ పెట్టి టీవీ చూడ్డానికి పోయేవాళ్ళే "చిల్లర్ పనిచెయ్యట్లేదు" అని పెద్దది కొంటారు. కదిపే చెయ్యికి చుట్టుకున్న గుడ్డ మాత్రం మర్చిపోకు. చివర్లో బయటికొచ్చే నీళ్ళు చల్లగానే వస్తుంటే కుళాయి సగానికి తగ్గించు. మొదటి రెండు బకెట్ల వేడినీళ్ళు పారబొయ్యకు, గిన్నెలూ గరిటెలూ కడుక్కోవడానికి అంతకంటే మంచివి దొరకవు.

పెరట్లో మంచులో కెటిల్ పెట్టేస్తే పోలేదా అన్నావు. చూడ్డానికి బాగానే ఉంటుంది. మంచులో సగానికి పైగా గాలేరా, దుప్పటి లాంటిది. కెటిల్ చుట్టూ ఉన్నది కరిగి ఓ గుంట ఏర్పడుతుంది, ఇక మంచు తగలదు, వేడి లోపలే ఉంటుంది. ఫోటో దిగి లోపలికి తెచ్చుకో.

కొత్త రాగి కాయిల్‌కి నూనె జిడ్డుంటుంది, మొదటిసారి వెనిగర్ కలిపిన నీళ్ళలో మరిగించు. వాడుతూ ఉంటే గోధుమరంగుకి తిరుగుతుంది, దానికేం కాదు. అది వర్ట్‌లోకి వెళ్ళి గులాబీరంగు మెరుపుతో బయటికొస్తుంది, వర్ట్‌లోని కాస్త పులుపు పైపొరని కరిగించేస్తుంది. పచ్చగా చిలుము పట్టిందంటే మాత్రం దించకు, అది ఒంటికి మంచిది కాదు. చింతపండూ ఉప్పూ వేసి తోమెయ్, రాగిచెంబులకి మా అమ్మ చేసేది అదే. పని అయ్యాక గొట్టంలో గట్టిగా ఊది నీళ్ళన్నీ పోనీ. తడితో గ్యారేజీలో పడేశావంటే మీ జనవరి చలికి లోపల గడ్డకట్టి గొట్టం నిలువునా చీలుతుంది.

ముందు ఆ లాండ్రీ సింకు కుళాయి మొన ఫోటో తీసి పంపు, మర ఉందో లేదో చూసి ఏ అడాప్టర్ కావాలో చెప్తాను. మర లేక మెషీన్ వాల్వే గతి అయితే, చెల్లెమ్మ బట్టలు వేసే రోజు కాకుండా చూసుకో. చంటిది నడుస్తోందా? దాన్ని బ్రూ రోజు మాత్రం కిందికి రానివ్వకండి.

ఉంటాను మరి,
ప్రసాదు