నీళ్లలో నిలబడ్డ పత్తి ఎందుకు వడలిపోతుంది?

సంపాదకులు గారికి,

వారం రోజుల ముసురు పోయి ఎండ కాయగానే పత్తి చేలలో అక్కడొకటి ఇక్కడొకటి చెట్లు తలలు వాల్చేస్తాయి. పరకాల, జమ్మికుంట వైపు నల్లరేగళ్లలో ఇది కొత్తేం కాదు. ఎండు తెగులు వచ్చిందనుకుని రైతులు మందుల షాపుకు పోతారు. చాలాసార్లు అది తెగులే కాదు. చెట్టు మొదట్లో నీళ్లున్నా వేరు తాగలేని స్థితి.

వేరు కణాల పొరలో నీటిని లోపలికి వదిలే ఆక్వాపోరిన్ అనే ప్రొటీన్లు ఉంటాయి. నాలుగేసి జతకట్టి ఉన్నా దేని రంధ్రం దానిదే. నీటి అణువులు అందులోంచి ఒకదాని వెనక ఒకటిగానే పోవాలి. పాలకూర ఆక్వాపోరిన్ తెరుచుకున్నప్పుడు, మూసుకున్నప్పుడు ఎలా ఉంటుందో 2006లో తేలింది. కణం లోపలివైపున్న ఒక మడత రంధ్రం మీదికి మూతలా వాలుతుంది.

నీళ్లు నిలిచిన మట్టిలో గాలి ఉండదు. ఆక్సిజన్ అందక కణానికి శక్తినిచ్చే ఏటీపీ పడిపోతుంది, ప్రోటాన్లను (పులుపు పెంచే హైడ్రోజన్ అయాన్లను) బయటికి నెట్టే పంపు మందగిస్తుంది, కణద్రవం పులుపెక్కుతుంది. అప్పుడు ఆ మడతలో 193వ స్థానంలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లానికి ప్రోటాన్ అతుక్కుంటుంది, మూత పడుతుంది. కరువులోనూ పడేది ఈ మూతే. కాకపోతే అక్కడ సెరిన్ అనే అమైనో ఆమ్లాల మీది ఫాస్ఫేట్ ఊడిపోవడం కారణం. పక్క మడిలో వరి నిశ్చింతగా ఉందంటే, దాని కాండంలో, వేర్లలో గాలి గదులుండి ఆక్సిజన్ కిందిదాకా దిగుతుంది. పత్తికి ఆ ఏర్పాటు లేదు. పైగా కాయల మీదున్న పెద్ద చెట్టు ఎండకు ఆకుల్లోంచి ఎక్కువ నీరు వదులుతుంది కాబట్టి ముందు అదే వడలుతుంది.

తెగులో కాదో తేల్చుకోవడానికి ఒక చెట్టు పీకి కాండాన్ని నిలువుగా చీల్చండి. లోపల గోధుమ రంగు చారలుంటే ఎండు తెగులు. వేరు బెరడు కుళ్లి పీచులుగా ఊడొస్తే వేరుకుళ్లు. రెండూ లేక, వానో తడో అయ్యాక ఒకటి రెండు రోజుల్లోనే వడలితే గాలాడక వచ్చిందే.

మందుకన్నా ముందు కాలువ తీయాలి. నీరు పోనిదే ఏ డబ్బా ఆ మూతను లేపదు. తర్వాత, వడలడం కనిపించిన 24 గంటల్లోపు, లీటరు నీటికి 10 మిల్లీగ్రాముల కోబాల్ట్ క్లోరైడ్ పిచికారీ చేయవచ్చు. అంటే 100 లీటర్లకు ఒక్క గ్రాము, చేతి అంచనాతో వేసేది కాదు. ఇది ఆకు, పూత రాల్చే ఇథిలీన్ అనే హార్మోన్ తయారీని అడ్డుకుని ఆకు, పూత రాలడాన్ని తగ్గిస్తుంది, అంతే. లేదా 10 లీటర్ల నీటిలో 25 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, 200 గ్రాముల యూరియా కలిపి మొదళ్లలో పోయాలి. నిలిచిన నీళ్లలో యూరియా చల్లితే మాత్రం నత్రజని చాలావరకు వాయువై పోతుంది. వేరు కోలుకునేదాకా 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువును లీటరుకు 10 గ్రాముల చొప్పున ఆకుల మీద కొట్టడమే మేలు. పదును రాగానే గుంటుక తోలితే మట్టిలోకి గాలి పోతుంది.

వానకాలం వ్యవసాయ పేజీలో చీల్చిన కాండం ఫొటోలు, మంచిదీ తెగులుదీ పక్కపక్కన వేయగలరని మనవి.

— వృక్షశాస్త్ర అధ్యాపకులు, హనుమకొండ