42 అంటే ఎక్కడి కొలత?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆషాఢం సేల్‌లో ఒక పూటంతా తిరిగి, చొక్కా కొనకుండానే ఇంటికొచ్చిన మనిషిని నేను. ఇది నా ఒక్కడి గోడే అయితే మీ పేజీలో చోటు అడిగేవాణ్ణి కాదు.

నేను పనిచేసేది బ్యాంకు కౌంటరులో. ఫుల్ హ్యాండ్స్ చొక్కా టక్ చేసుకుని కూర్చోవాలి. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. మెడ లావు, పొట్ట ఉంది, చేతులు పొట్టి. ఇంట్లో టేపు పెట్టి కొలిపిస్తే మెడ 41 సెంటీమీటర్లు, ఛాతీ 106, పొట్ట 112, భుజాల వెడల్పు 45, భుజం నుంచి మణికట్టు దాకా 56 వచ్చాయి.

ఆ రోజు నేనూ మా ఆవిడా మా విజయవాడ బీసెంట్ రోడ్డు ఎక్కాం. మొదటి షాపులో 42 తొడిగాను. మెడ కుదిరింది, పొట్ట మీద గుండీ కూడా పట్టింది. హమ్మయ్య అనుకుని ట్రయల్ రూమ్‌లో స్టూలు ఉంటే దాని మీద కూర్చున్నాను. నాలుగో గుండీకీ ఐదో గుండీకీ మధ్య చొక్కా నోరు తెరిచింది, లోపల బనీను కనిపించింది. ఉద్యోగంలో నేను రోజంతా కూర్చునే ఉంటానండీ, నిలబడి అద్దం చూసుకోడానికి కాదు కదా చొక్కా. ‘స్లిమ్ ఫిట్ సార్, అలాగే ఉంటుంది’ అన్నాడు సేల్స్ కుర్రాడు. తర్వాత 44 ఇచ్చాడు. పొట్ట సుఖపడింది. కానీ భుజం కుట్టు జబ్బ మీదికి జారింది, కఫ్ వచ్చి వేళ్ల మొదళ్ల మీద కూర్చుంది, కాలర్లో రెండు వేళ్లు కాదు, నాలుగు వేళ్లు పట్టేలా ఉంది.

రెండో షాపుకి వెళ్లేసరికి నేను ‘సార్’ నుంచి ‘అంకుల్’ అయిపోయాను. అక్కడ అదే 42 అడిగితే అసలు ఛాతీ దగ్గరే ఆగిపోయింది. ఇందాక మెడా పొట్టా పట్టిన 42 ఇక్కడ ఎందుకు పట్టలేదని అడిగితే కుర్రాడు నవ్వాడు. గల్లాపెట్టె దగ్గరున్న పెద్దాయన మాత్రం ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. కొన్ని కంపెనీల ఫార్మల్ షర్టుల మీద ఉండే అంకె కాలర్ కొలతట, సెంటీమీటర్లలో. మరికొందరు వేసే అంకె ఛాతీ కొలతట, అంగుళాల్లో. రెండు చోట్లా 40, 42, 44 అనే అంకెలే కనిపిస్తాయి. తేడా కనిపెట్టే కిటుకు కూడా ఆయనే చెప్పాడు. సైజుల వరసలో 38, 40కి నడుమ 39 కనిపించిందా, అది సాధారణంగా మెడ కొలత. పదేళ్లుగా రెడీమేడ్ చొక్కాలు కొంటున్నాను, ఈ సంగతి నాకు ఆ రోజు దాకా తెలియదు. బ్యాంకులో అంకెలతోనే బతికేవాణ్ణి, సిగ్గేసింది.

పప్పు ప్యాకెట్ మీద 1 కిలో అని ఉంటే అది బరువని తెలుసు. నూనె ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే తెలుసు. రెండు వేలు పెట్టి కొనే చొక్కా మీద మాత్రం 42 అని రాసి, ఏది 42 అన్నది మన ఊహకి వదిలేస్తారు. చట్టం లేక కాదు. ప్యాకేజీ వస్తువులకి 2011 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) నిబంధనలున్నాయి. విడిగా అమ్మే బట్టలకి కొన్ని మినహాయింపులిస్తూ 2022లో వాటిని సవరించారు. ఆ సవరణలో కూడా సైజుని ఎస్, ఎం, ఎల్ లాంటి గుర్తులతో పాటు మెట్రిక్ కొలతల్లో చూపాలనే ఉంది. సంతోషమే. ఆ సెంటీమీటర్లు ఒంటి మీద ఏ భాగానివో కూడా రాస్తే కదా మాకు ఉపయోగం! మా ఇంట్లో ఉన్న ఒక చొక్కా చీటీ మీద ‘42, 107 సెం.మీ.’ అని ఉంది. 107 అంటే 42 అంగుళాలు కాబట్టి ఛాతీ అని నేను లెక్క కట్టుకున్నాను. అది తొడుక్కునే మనిషి ఛాతీయా, చొక్కా చుట్టుకొలతా అన్నది ఇప్పటికీ తేలలేదు.

కుట్టించుకోవచ్చు కదా అంటారు. పదేళ్ల కిందటి దాకా అదే చేశాను. వన్‌టౌన్ వస్త్రలతలో బిట్టు తీసుకోవడం, మా వీధి చివర మాస్టారికి ఆది చొక్కా ఇచ్చి రావడం, పండగ వెళ్లాక తెచ్చుకోవడం. పండక్కి అని అడిగినా పండగ వెళ్లాకే ఇచ్చేవాడనుకోండి. కానీ ఆయన కుట్టిన చొక్కాలో ఎడమ భుజం కుడి భుజం కన్నా అర అంగుళం కిందికి ఉండేది, ఎందుకంటే నా ఎడమ భుజం అలాగే ఉంటుంది. ఇప్పుడు ఆయనకి కళ్లు ఆనడం లేదు, పని నేర్చుకున్న కుర్రాళ్లు రెడీమేడ్ యూనిట్లకి వెళ్లిపోయారు. జాకెట్లు కుట్టేవాళ్లు వీధికి నలుగురు దొరుకుతారు. మగవాళ్ల చొక్కా కుట్టే చెయ్యి కోసం వెతుక్కోవాలి. మాస్టారు ఇప్పుడు ఆల్టరేషన్లు మాత్రం చేస్తున్నాడు.

ఆల్టరేషన్ గురించి కూడా ఒక మాట. పక్కల కుట్టు లోపలికి పట్టడం తేలిక, పది నిమిషాల పని. చెయ్యి పొడవు తగ్గించాలంటే కఫ్ విప్పి, గుడ్డ కత్తిరించి, మళ్లీ కఫ్ అతకాలి. కఫ్ పైన చీలిక ఉంటుంది కదా, పట్టీ వేసి చిన్న గుండీ పెట్టిన చోటు, కత్తిరింపు అందులోంచే పోతుంది. అంగుళం తగ్గిస్తే ఫరవాలేదు. నాకు మూడు అంగుళాలు తగ్గించాలి. అంత తగ్గిస్తే చీలిక సగమై, గుండీ వచ్చి కఫ్‌కి ఆనుకుంటుంది, చెయ్యి మడుద్దామంటే మడత పడదు. భుజం తగ్గించాలంటే చేతులు రెండూ పూర్తిగా ఊడదీయాలి. ‘దానికన్నా కొత్తది కుట్టడం సుఖం సార్’ అంటాడు మాస్టారు. కుట్టడు మాత్రం.

ఇక పొట్ట తగ్గించుకోమనే సలహా. మా డాక్టరు గారూ చెప్పారు, ప్రయత్నిస్తున్నాను. పొట్ట తగ్గితే చేతులు పొడుగవుతాయని ఆయన చెప్పలేదు. మా బావమరిదిది సరిగ్గా నాకు తిరగేసిన ఒళ్లు, 6 అడుగుల 1 అంగుళం, కర్రలా ఉంటాడు. అతనికి ఏ చొక్కా చెయ్యీ మణికట్టు అందుకోదు, అందుకున్నది గుడారంలా ఉంటుంది. మా ఇద్దరినీ కలిపి సగం చేస్తే వచ్చే మనిషికి కుడుతున్నారు ఈ చొక్కాలన్నీ.

ఆ డాక్టరు గారే ఇంకో సంగతి చెప్పారు. మగవాళ్లలో నడుము కొలత 102 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమని అమెరికాలో లెక్క, మనవాళ్లకి ఆ గీత 90 దగ్గరే గీశారు. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టరు జాన్ యుడ్కిన్ పక్కపక్కన దిగిన ఫోటో వచ్చిందట. ఎత్తు, బరువు లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. సన్నటి కాళ్లూ చేతులూ, మధ్యలో పొట్ట అన్నది మనలో చాలామంది ఒంటి తీరు. వైద్యులు టేపుని మనకి తగ్గట్టు మార్చుకున్నారు. చొక్కాల వాళ్లు ఇంకా అమెరికా, బ్రిటన్ పట్టికలకి అటూ ఇటూ సవరణలు చేసుకుంటూ నెట్టుకొస్తున్నారు.

మనకంటూ పట్టిక తయారు చేయడానికి కేంద్ర జౌళి శాఖ కోసం జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ ‘ఇండియాసైజ్’ సర్వే చేపట్టింది. 15 నుంచి 65 ఏళ్ల లోపు 25 వేల మందిని ఆరు నగరాల్లో త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది ప్రణాళిక. ఆ నగరాల్లో హైదరాబాద్ ఒకటి. మంచి పని. నేను తిరిగిన షాపుల్లో మాత్రం దాని గాలి తగల్లేదు. ఆ కొలతలు పెద్ద కంపెనీల దగ్గరే ఆగిపోకుండా, పది మిషన్లు పెట్టుకుని చొక్కాలు కుట్టే మన ఊళ్ల యూనిట్లకి కూడా ఉచితంగా, తెలుగులో అందాలి.

షాపుల వాళ్ల కష్టం నాకు అర్థం కాకపోలేదు. ప్రతి కాలర్‌కి రెండు పొట్టలు, రెండు చేతి పొడవులు పెట్టమంటే సరుకు నాలుగింతలవుతుంది, అమ్ముడుపోనిది మూలన పడుతుంది. అందుకే ముందు కొత్త సైజులు అడగడం లేదు. ఉన్న చొక్కా మీదే కాలర్, ఛాతీ, పొట్ట, భుజం, చెయ్యి, పొడవు, ఈ ఆరూ సెంటీమీటర్లలో, పక్కన పేరు రాసి అచ్చు వేయమంటున్నాను. చీటీ ఎలాగూ వేస్తున్నారు, ఇంకో ఆరు అంకెలు పడతాయి. డల్లాస్ నుంచి మా మేనల్లుడు తెచ్చిన చొక్కా కాలర్ లోపల రెండు కొలతలున్నాయి, ఒకటి మెడది, ఒకటి చేతిది. వాళ్లు చేతిని మెడ వెనక నడిమి నుంచి కొలుస్తారు. ఆ చొక్కా కూడా నాకు పట్టలేదు. కానీ పట్టదని తొడక్కుండానే తెలిసింది, గుండుసూదులు పీకే పని తప్పింది.

ఆన్‌లైన్లో కొనేవాళ్లకీ ఇదే అవసరం. ఇక పెళ్లిళ్లలో బట్టలు పెట్టేవాళ్లు బిట్లు మానేసి రెడీమేడ్ చొక్కాలు పెడుతున్నారు, మనిషిని దూరం నుంచి చూసి సైజు అంచనా కట్టి! మా బీరువాలో అలాంటివి ఐదున్నాయి, అట్ట కూడా తియ్యలేదు. చుడీదార్ల గురించి కూడా రాయమంది మా ఆవిడ. అది ఇంకో ఉత్తరం అవుతుంది.

తూనికలు, కొలతల శాఖ వారు, జౌళి శాఖ వారు ఈ సంగతి ఆలోచించాలని మనవి. 41, 106, 112, 45, 56 అని ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను. పోల్చి చూసుకోడానికి షాపులో ఇంకో కాగితం కావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ