మా అమ్మాయికి అక్కలా నిలబడిన అమ్మాయికి కృతజ్ఞతలు

మా పెద్దమ్మాయి టెక్సాస్‌లోనే ఒక యూనివర్సిటీలో ఫస్టియర్ పూర్తిచేసి మొన్ననే డాలస్‌కి, ఇంటికి వచ్చింది. ఆ ఏడాది అంత బాగా గడవడానికి ముఖ్య కారణం తన సోరోరిటీలో తనకు ‘బిగ్’గా, అంటే కొత్తమ్మాయికి తోడుగా ఇచ్చే సీనియర్‌గా వచ్చిన అమ్మాయి. పేరు రాయొద్దంది కాబట్టి రాయడం లేదు. టెక్సాస్‌లోనే లబ్బక్ దగ్గర పత్తి పండించే రైతు కుటుంబం వాళ్లది. అకౌంటింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పడానికే ఈ పోస్ట్. మనవాళ్లు కూడా చదివితే బాగుంటుందని తెలుగులో రాస్తున్నాను. మా అమ్మాయి తనకి ఇంగ్లీషులో చదివి వినిపిస్తానంది.

సోరోరిటీల గురించి మన ఇళ్లలో తెలిసింది తక్కువే, సినిమాల్లో చూసిన పార్టీలు తప్ప. ఇవి కాలేజీ అమ్మాయిల సంఘాలు, గ్రీకు అక్షరాల పేర్లతో ఉంటాయి. చాలా పాతవి. ఆడపిల్లలకు కాలేజీ చదువే అరుదైన రోజుల్లో, 1851లో జార్జియా రాష్ట్రం మేకన్‌లోని వెస్లియన్ కాలేజీ అమ్మాయిలు పెట్టుకున్న అడెల్ఫియన్ సొసైటీయే ఇప్పటి ఆల్ఫా డెల్టా పై. నల్లజాతి అమ్మాయిలు 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. కమలా హారిస్ అందులో సభ్యురాలే. దక్షిణాసియా అమ్మాయిల కోసం 1998లో ఆస్టిన్‌లో కప్పా ఫై గామా మొదలైంది, మన పిల్లలు కొందరు అలాంటి వాటిలోనూ చేరుతుంటారు. మా అమ్మాయి చేరింది 1902 నుంచి ఉన్న నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అనే సమాఖ్య కిందికి వచ్చే సోరోరిటీల్లో ఒకటి.

వీటిలో తల్లో, అమ్మమ్మో సభ్యులుగా ఉన్న అమ్మాయిల్ని లెగసీ అంటారు. ఏ రోజు ఏ బట్టలు వేసుకోవాలి, ఏ ఖర్చు తప్పదు, ఏది మానేసినా పర్వాలేదు, ఇదంతా వాళ్లకి ఇంట్లోనే తెలిసిపోతుంది. మాకు చెప్పేవాళ్లు లేరు. ఆగస్టు ఎండల్లో, క్లాసులు మొదలవకముందే, ఒక్కో సోరోరిటీ ఇల్లూ తిరుగుతూ సాగే రిక్రూట్‌మెంట్ అయ్యాక, చేరమని పిలుపు వచ్చే బిడ్ డే నాడు మా అమ్మాయి సంబరంగా ఫోన్ చేసింది. సంతోషించాం. ఆ వెంటనే మా ఇద్దరికీ టెన్షన్ మొదలైంది. ఇక ముందేం జరుగుతుందో మాకు ఏమీ తెలియదు.

ఆ బిగ్ మూడు తరాల లెగసీ. తనకు ఇంట్లో తెలిసినదంతా మా అమ్మాయి ముందు పరిచింది.

కొత్తగా చేరినవాళ్లు కొన్ని వారాలు ‘న్యూ మెంబర్’లుగా ఉంటారు, ఆ తర్వాత ఇనిషియేషన్, అంటే పూర్తి సభ్యులుగా చేర్చుకునే వేడుక. ఈ మధ్యలోనే ఒక్కొక్కరికి ఒక సీనియర్ని బిగ్‌గా ఇస్తారు. ఎవరు కావాలో రెండు వైపులా రాసిస్తారు, చూసి జత కలుపుతారు. బిగ్ ఎవరో చెప్పకుండా కొన్ని రోజులు గిఫ్టులు పంపి, చివర్లో బయటపెట్టే వేడుక ఒకటుంటుంది. ఆ ఫోటోలు మీరూ చూసే ఉంటారు. గిఫ్టులు ముచ్చటగానే ఉన్నాయి, కాదనను. మా గుండెల్లో నిలిచింది మాత్రం ఆ గిఫ్టుల బుట్టలో అడుగున పెట్టిన ఒక కాగితం.

ఆ కాగితం మీద సెమిస్టర్‌కి అయ్యే ఖర్చులన్నీ బిగ్ చేత్తో రాసింది. మొదటి సెమిస్టర్‌లో కొత్తవాళ్లకి ఎక్కువే కట్టాల్సి ఉంటుంది: చాప్టర్ (ఆ కాలేజీలోని శాఖ) ఫీజు, నేషనల్ ఫీజు, బ్యాడ్జ్, భోజనాల డబ్బు. వాటికి ఎదురుగా ‘కట్టాలి’ అని రాసింది. ప్రతి ఈవెంట్‌కీ ఒక కొత్త టీషర్ట్, ఫోటోలు, ఫార్మల్ అనే డాన్స్ పార్టీకి కొత్త డ్రెస్, వీటికి ఎదురుగా ‘కొనక్కర్లేదు’ అని రాసి, కింద గీత గీసింది. డ్రెస్ పక్కన ‘నాది వేసుకో’ అని కూడా ఉంది. ఫీజు నెలనెలా కట్టుకునే వీలుందనీ, దానికి ట్రెజరర్‌ని అడగాలనీ రాసింది. డబ్బు సంగతి పైకి అడగలేక లోలోపల నలిగిపోయే పిల్ల మాది. ఒక్క మాట కూడా అడగకుండానే ఆ బరువు బిగ్ దించేసింది.

తిండి సంగతి చెప్పాలి. మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. సోమవారం సాయంత్రం చాప్టర్ మీటింగ్, దానికి ముందు హౌస్‌లో అందరూ కలిసి భోంచేస్తారు. మా పిల్ల పళ్లెంలో సలాడ్ పెట్టుకుని, కడుపు నిండిందని చెప్పి లేచేదట. రెండో వారమో ఎప్పుడో బిగ్ అది గమనించి, నేరుగా వంటింట్లోకి తీసుకెళ్లి వంటావిడకి పరిచయం చేసింది. బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారా, అన్నం చికెన్ నీళ్లతో ఉడికిస్తారా, స్వీట్లలో జెలటిన్ ఉందా అని మా అమ్మాయి తరఫున తనే అడిగింది. ఆ రోజు నుంచి ఒక చిన్న ట్రేలో కొవ్వు లేని బీన్స్, విడిగా వండిన అన్నం, మీద పేరు రాసిన టేపు. ఆ వంటావిడకి కూడా నా నమస్కారాలు. చాప్టర్‌లోని ఇంకో ఇద్దరు ముగ్గురు శాకాహారులు కూడా ఇప్పుడు అదే తింటున్నారట.

చదువులో చేసిన సాయం ఇంకా పెద్దది. మొదటి కాల్క్యులస్ మిడ్‌టర్మ్‌లో మార్కులు బాగా తగ్గాయి. స్కూల్లో ఎప్పుడూ ముందుండే పిల్ల, మాకు చెప్పకుండా గదిలో కూర్చుని ఏడ్చింది. సోరోరిటీలో ఉండాలంటే కనీస జీపీఏ (గ్రేడుల సగటు) ఉండాలి, అదొక భయం. బిగ్ తనకి పాఠం చెప్పలేదు, తన సబ్జెక్ట్ అది కాదు కూడా. ఆఫీస్ అవర్స్‌కి, అంటే ప్రొఫెసర్ సందేహాలు తీర్చే సమయానికి, వెళ్లావా అని అడిగింది. వెళ్లలేదు. ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి తెలియదని చెప్పడం మన పిల్లలకి ఎంత కష్టమో మీకూ తెలుసు. మర్నాడు తనే వెంట నడిచి, ఆ గది తలుపు దాకా వెళ్లి, లోపలికి పంపి, బయట వరండాలో నేల మీద కూర్చుని తన అకౌంటింగ్ హోంవర్క్ చేసుకుంది. తర్వాతి వారం కూడా అంతే. ఆ తర్వాత మా అమ్మాయి ఒక్కతే వెళ్లడం మొదలుపెట్టింది. ఇప్పుడు డోర్మ్‌లో పక్కగది పిల్లల్ని కూడా వెంటేసుకుని వెళ్తోంది. ఫైనల్‌లో వచ్చిన గ్రేడు చూసి మా ఆయన ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచారు.

నాకు అన్నిటికంటే పెద్ద భయం హేజింగ్, మన ర్యాగింగ్ లాంటిదే. మాది వరంగల్. నేను ఇంజనీరింగ్‌లో చేరేనాటికి 1997 ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చేసింది, అయినా హాస్టల్లో సీనియర్ల గది ముందు నుంచి నడవాలంటే కాళ్లు వణికేవి. ఇక్కడ టెక్సాస్ చట్టం ఈ విషయంలో గట్టిగా ఉంది: ఆ పిల్ల ఒప్పుకునే చేసింది కదా అన్న వాదన చెల్లదు. 2024 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం యూనివర్సిటీలు ఇలాంటి ఘటనల లెక్కలు బయటపెట్టాలి. చట్టాలు మంచివే. కానీ అర్ధరాత్రి పిల్ల పక్కన ఉండేది మనిషే. బిగ్ మొదటి రోజే మా అమ్మాయికి చెప్పిందట: “ఎవరైనా, నేనైనా సరే, నీకు ఇష్టం లేనిది చెయ్యమంటే చెయ్యకు. తాగమంటే తాగకు. ఏ టైమ్ అయినా నాకు ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తా.” కొత్తవాళ్ల బాధ్యత చూసే న్యూ మెంబర్ ఎడ్యుకేటర్ అమ్మాయి కూడా ఏ వారం ఏం చేస్తారో, ఏవి నిషేధమో రాసి తల్లిదండ్రులందరికీ ముందే పంపింది. తనకీ నా థాంక్స్. ఆ ఉత్తరం చదివాకే నేను నిద్రపోయాను.

ఇక సద్దుల బతుకమ్మ. సరిగ్గా ఆ వారాంతమే చాప్టర్‌లో తప్పకుండా రావాల్సిన ప్రోగ్రాం పడింది. మా అమ్మాయి అడగడానికే మొహమాటపడింది. బిగ్ విషయం విని, పండుగ అంటే ఏమిటో తెలుసుకుని, మినహాయింపు ఫారం నింపించి, తనే వెళ్లి మాట్లాడింది. శుక్రవారం సాయంత్రానికి మా పిల్ల ఇంట్లో ఉంది. మా అత్తగారు పక్కన కూర్చుని పేరుస్తుంటే తను పూలు అందించింది.

వచ్చే సెమిస్టర్‌లో మా అమ్మాయే ఒకరికి బిగ్ కాబోతోంది. ఖర్చుల కాగితం ఇప్పుడే రాయడం మొదలుపెట్టింది.

లబ్బక్‌లో ఉన్న ఆ తల్లిదండ్రులకి మా ఇద్దరి నమస్కారాలు. ఇంత మంచి పిల్లని పెంచారు. తల్లీ, నీకు ఎంత చెప్పినా తక్కువే. వచ్చే మే నెలలో నీ గ్రాడ్యుయేషన్‌కి మేమంతా వస్తున్నాం. మా అమ్మాయి గదిలో నువ్వు తిన్న మామిడికాయ పచ్చడి బాగుందన్నావట. ఈ ఏడాది పెట్టిన దాంట్లో నీకు ఒక సీసా విడిగా తీసి ఉంచాను, మీ అమ్మగారికి ఇంకొకటి.