చేదు కాఫీ సోడా: ఈ సోమవారం నుంచి ఏం మారిందంటే

మా అనంతపురం కొట్టు బోర్డు మీద ఉన్న ‘ఇటాలియన్ కాఫీ కాక్‌టెయిల్’ అన్న మాట చెరిపేశాం. మాకు మద్యం లైసెన్సు లేదు, గ్లాసులో చుక్క మద్యం పడదు. ఆ పేరు చూసి ఆశపడి వచ్చినవాళ్లు కొందరైతే, అదే పేరు చూసి గడప తొక్కనివాళ్లు ఇంకొందరు. తప్పు మాదే. ఇకమీదట దాని పేరు చేదు కాఫీ సోడా.

మద్యంతో చేసే అసలు కాక్‌టెయిల్ ఎలా ఉంటుందని చాలామంది అడుగుతున్నారు. ఇటాలియన్‌లో ‘అమారో’ అంటే చేదు. వేర్లు, బెరళ్లు, నారింజ తొక్కలు మద్యంలో నానబెట్టి తీపి చేర్చిన లిక్కర్లకూ అదే పేరు. సిసిలీలో 1868లో మొదలైన అవెర్నా చిక్కగా, మాడీమాడని పాకంలా ఉంటుంది. 1860లో నొవారాలో పుట్టిన కంపారి ఎర్రగా, సూటిగా చేదు. అవెర్నా 30 మి.లీ., కంపారి 15, కోల్డ్ బ్రూ (చల్లటి నీళ్లలో గంటల తరబడి నానబెట్టి తీసిన) కాఫీ 45, సోడా 90 అన్నది నిలకడైన కొలత. అవెర్నాలో ఆల్కహాల్ 29 శాతం, కంపారిలో దేశాన్ని బట్టి 20.5 నుంచి 28.5. ఐస్ కరగక ముందు గ్లాసు మొత్తానికి 7 శాతం దాకా వస్తుంది, అంటే స్ట్రాంగ్ బీరుకు దగ్గర. కాఫీ చేదు చాటున ఆ ఘాటు తెలియదు. కాఫీ ఉంది కదా అని మత్తు తగ్గేదీ లేదు.

మా గ్లాసులో అవెర్నా చేసే పని నన్నారి (సుగంధి వేరు) చేస్తుంది. కంపారి పని చీనీ (బత్తాయి), నారింజ తొక్కలది; వాటికి తోడు టానిక్ వాటర్ అనే చేదు సోడాలోని క్వినైన్.

షరబత్‌కు 25 గ్రాముల నన్నారి వేరు దంచి, 250 మి.లీ. వేడి నీళ్లలో వేసి, మూతపెట్టి రాత్రంతా ఉంచుతాం. మరిగించం. మరిగిస్తే ఆ సువాసన ఆవిరితో పాటే పోయి, మట్టి వాసన మిగులుతుంది. ఆరు చీనీకాయల పైతొక్కను, తెల్ల పొర రాకుండా, పల్చగా చెక్కి 250 గ్రాముల చక్కెరతో నలిపి ఆరు గంటలు వదిలేస్తే తొక్కలోని నూనె చక్కెరలోకి దిగుతుంది. వడకట్టిన నన్నారి నీళ్లు గోరువెచ్చగా చేసి అందులో పోసి కరిగిస్తాం. చివర్లో ఒక నారింజ తొక్క, ఈసారి తెల్ల పొరతోనే, సరిగ్గా పది నిమిషాలు. చేదంతా ఆ పొరలోనే ఉంటుంది. మొదటి రెండు వారాలు కొందరికి నాలుక మొద్దుబారేంత చేదు తగలడానికి కారణం ఇదే: తొక్కను షరబత్‌లోనే మర్చిపోయాం. ఇప్పుడు గడియారం పెట్టి తీస్తున్నాం.

కాఫీ సంగతిలో పెద్ద మార్పు. ఫిల్టర్ డికాక్షన్ మానేశాం. చికోరి కలిసిన పొడికి దాని చేదు దానికే ఉంది; క్వినైన్, తొక్క చేదు తోడైతే మూడూ ఒకదాన్నొకటి తొక్కుకుని చివరికి మాడు రుచే మిగులుతుంది. నురగ కూడా గ్లాసు దాటి బల్ల మీదికి వచ్చేది. ఇప్పుడు చికోరి లేని అరబికా, మీడియం రోస్ట్, గోధుమరవ్వంత బరకగా ఆడించింది వాడుతున్నాం. 100 గ్రాములకు 800 మి.లీ. ఆర్‌ఓ నీళ్లు, ఫ్రిజ్‌లో 16 గంటలు. బోరు నీళ్లయితే కాఫీలోని పులుపు చచ్చి రుచి చప్పబడుతుంది. మన ఎండలకు బయట నానబెట్టామా, తెల్లారేసరికి పులిసిన వాసన కొట్టొచ్చు. గుడ్డతో ఒకసారి, పేపర్ ఫిల్టర్‌తో ఇంకోసారి వడకట్టాలి. సన్నటి పొడి మిగిలితే గ్యాస్ ఆ రేణువులను పట్టుకుని ఒక్కసారిగా పొంగుతుంది.

గ్లాసులో పోసే వరస మారిస్తే అంతా పాడే. ముందు పెద్ద ఐస్ ముక్కలు, ఆపైన షరబత్ 25 మి.లీ., చల్లటి టానిక్ 60, సోడా 60. చెంచాతో కింది నుంచి ఒక్కసారి లేపి, అప్పుడు కాఫీ 45 మి.లీ. చెంచా వీపు మీదుగా మెల్లగా. కాఫీ ముందు పోసి దాని మీద సోడా కొడితే పొంగి, గ్యాస్ సగం అక్కడే పోతుంది. పొడి చేసిన ఐస్ కూడా వద్దు, గరుకు అంచుల మీద బుడగలు లేచి నిమిషాల్లో చప్పబడుతుంది. సోడా ఎంత చల్లగా ఉంటే అంత గ్యాస్ పట్టి ఉంచుకుంటుంది. అందుకే చిన్న సీసాలు ఫ్రిజ్‌లోంచి అప్పటికప్పుడు తీస్తున్నాం. పెద్ద బాటిల్ చౌకే, కానీ మూడో గ్లాసుకే అందులో సోడా నీళ్లవుతుంది.

ఈ ఖర్చు వల్ల ధర 110 నుంచి 130 రూపాయలైంది. గ్లాసులో చక్కెర సుమారు 20 గ్రాములు, షుగర్ ఉన్నవాళ్లు చూసుకోండి. చెబితే షరబత్ సగమే పోస్తాం, కాకపోతే చేదు ఎక్కువ తెలుస్తుంది. క్వినైన్ పడనివాళ్లకు టానిక్ లేకుండా ఒట్టి సోడాతో ఇస్తాం. పాలు కలపమని అడగొద్దు, కాఫీ పులుపుకు టానిక్ పులుపు తోడై విరిగిపోతాయి.

పార్సిల్ ఆపేశాం. పది నిమిషాల బండి కుదుపులకు గ్యాస్ ఉండదు, దానికి 130 తీసుకోవడం న్యాయం కాదు. కావాలంటే కోల్డ్ బ్రూ, షరబత్ విడివిడిగా చిన్న సీసాల్లో ఇస్తాం; కాఫీ మూడు రోజులు, షరబత్ వారం, రెండూ ఫ్రిజ్‌లోనే. రోజుకు 400 గ్రాముల పొడి నానబెడుతున్నాం. పిప్పి పీల్చుకున్నది పోగా మిగిలే కాఫీ 50 గ్లాసులకు కాస్త పైన వస్తుంది, సీసాలు కూడా అందులోంచే. సాయంత్రం నాలుగింటికి మొదలుపెడతాం, అయిపోతే ఆ రోజుకు లేదు.